ఇంట్లో ఒక ఆడమనిషి

తూర్, ఫ్రాన్స్
19 జనవరి 2003

వదినా,

కవరు మీద నాయన పేరు ఉందని మోసపోవద్దు, ఇది నీకే. ఇంటి పెద్ద పేరు లేకుండా ఉత్తరం వస్తే పోస్టు జయరాముడు దాన్ని మన గడప చేర్చేలోపల బెళుగుప్ప అంతా తిప్పుతాడు. ఎట్లాగూ నాయనకు చదివి వినిపించేది నువ్వే. ఏది గట్టిగా చదవాలో, ఏది గుటకేయాలో నీకు చెప్పనక్కర్లేదు.

గట్టిగా చదవాల్సింది ముందు రాస్తాను. క్షేమంగా చేరాను. చలి ఎంతంటే, నేను తెచ్చుకున్న రెండు స్వెట్టర్లూ ఒకదాని మీద ఒకటి వేసుకుని దుప్పటి కప్పుకున్నా పళ్లు కొట్టుకుంటున్నాయి. క్లాసులో పద్దెనిమిది మందిమి, ఇండియా నుంచి నేనొక్కదాన్నే. హైదరాబాదులో మూడేళ్లు నేర్చిన ఫ్రెంచి, ఇక్కడ రొట్టెల అంగట్లో నోరు దాటి బయటికి రాలేదు. వేలు చూపించి కొనుక్కున్నాను. ఊరి పక్కన లువార్ అనే నది ఉంది. రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది, ఎవరూ దానివైపు చూడనైనా చూడరు. మొదటి రోజు నేను వంతెన మీద అరగంట నిలబడ్డాను.

ఇంక గుటకేయాల్సింది. నాయన అనుకుంటున్నట్లు హాస్టల్లో లేను, గది దొరకలేదు. మదామ్ బ్రూనే అని ఎనభై మూడేళ్ల ముసలామె ఇంట్లో మేడ మీద గది ఇచ్చారు. ఆమెకు తుంటి విరిగింది. సాయంత్రం సూప్ కాచిపెట్టి, బట్టలు మార్చి, పాయిఖానాకు తీసుకుపోయి, పడుకోబెట్టాలి. బదులుగా గదీ తిండీ. నాయనకు తెలిస్తే ఏమవుతుందో నీకు తెలుసు. అవ్వకు పక్షవాతం వచ్చినప్పుడు, ఎత్తి దించడానికి కూలిమనిషిని పెట్టుకుందామని నువ్వన్నావని ఎంత రభస చేశాడు! "మా యమ్మను బయటోళ్లు ముట్టుకునేదేందిమ్మే? మన ఇంటి ఆడోళ్లు సచ్చినారా?" అన్నాడు. అట్లాంటి మనిషి, తన కూతురు పరాయి ముసలిదానికి చీరలు మార్చినట్లు గౌన్లు మారుస్తోందంటే మరుసటి విమానంలో వెనక్కి రప్పిస్తాడు. కాబట్టి హాస్టలనే చదువు.

మన ఒప్పందం మరచిపోలేదు. "ఇంట్లో ఒగ ఆడమనిషి ఉండల్ల. నువ్వో, హేమో. మీలో మీరే తేల్చుకోండి" అని నాయన అన్నాడు, మనం తేల్చుకున్నాం. ఈ ఆర్నెల్లు నావి. జూన్ 28న నా టికెట్టు. వచ్చి అవ్వ దగ్గర కూర్చుంటాను, నువ్వు బుక్కపట్నం పోయి టీచర్ ట్రైనింగ్ చెయ్యి. దరఖాస్తు తప్పకుండా వెయ్యి, ఆలస్యం చేస్తే ఒప్పుకోను.

అవ్వకు నా ముద్దులు.

నీ హేమ

*

బెళుగుప్ప
10 ఫిబ్రవరి 2003

హేమా,

నీ ఉత్తరం వచ్చిన పొద్దు మన ఇంటి ముందు బండ మీద పద్నాలుగు మంది కూర్చున్నారు. జయరాముడు కూడా సైకిలు స్టాండు వేసి, మిగతా ఊరి ఉత్తరాలు సంచిలోనే పెట్టుకుని విన్నాడు. నేను నిలబడి చదివాను. నువ్వు రాసింది సగం, నేను అల్లింది సగం. నీ హాస్టల్లో గదికొక వేడి పెట్టె పెట్టాను. వంటకు ఇద్దరు ఆడవాళ్లను పెట్టి, అందులో ఒకామె అరవామె కాబట్టి ఉప్మా చేస్తుందని కూడా చెప్పాను. ఇన్ని అబద్ధాలు నా కడుపులో ఎక్కడ దాక్కున్నాయో నాకే తెలియదు. మామ మీసం మెలేస్తూ "ఉప్మా గూడా పెడతారంటప్పా" అని పక్కనున్న శ్రీరంగప్పకు మళ్లీ చెప్పాడు, ఆయన చెవుల్లో దూది పెట్టుకున్నట్లు.

శ్రీరంగప్ప మాత్రం నది దగ్గరే ఆగిపోయాడు. "అన్ని నీళ్లు ఊరికే పోతాంటే ఆ జనం ఎట్లా నిద్రపోతారమ్మా?" అన్నాడు. మన మూడో బోరు కూడా దుమ్మే పోసింది. ట్యాంకరు రెండు రోజులకోసారి వస్తోంది. మీ అన్న విష్ణు సంగతి అడగొద్దు. కరువు చూడ్డానికి వచ్చే నాయకులకు కరువు చూపించడం ఆయన ఉద్యోగం. జీపులో పొద్దున పోతే మాపటికి వస్తాడు, ఇంటి కరువు ఒక్కటే ఆయన కంటపడదు.

అవ్వ అట్లే ఉంది. ఎడమ పక్క పూర్తిగా పోయింది. మాట నాకొక్కదానికే అర్థమవుతుంది. రోజుకు పదిసార్లు నిన్ను అడుగుతుంది. "బడికి పోయింది, వస్తుంది" అని చెబుతాను.

దరఖాస్తు వేశాను. పరీక్ష మే నెలలో. మధ్యాహ్నం అవ్వ కునుకు తీసినప్పుడు పుస్తకం పట్టుకుంటున్నా. ఇంటర్ అయిన ఆరేళ్లకు లెక్కలు మొదలుపెడితే, అవి నన్ను చూసి నవ్వుతున్నాయి. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లల్లేరని ఊరంతా నన్ను చూసి నవ్వుతూనే ఉంది, ఇవీ నవ్వనీలే అనుకుని చేసేస్తున్నా.

నీ ముసలామెను బాగా చూసుకో. కానీ తిండి సంగతి జాగ్రత్త.

వదిన సుష్మ

*

తూర్
5 మార్చి 2003

వదినా,

అరవామె ఉప్మా చదివి క్లాసులో నవ్వాపుకోలేక బయటికి వచ్చేశాను. నీ అంత ధైర్యంగా నేను అబద్ధమాడలేను. నీ రుణం తీర్చుకోలేను.

ఇప్పుడు భాష కాస్త దారికొచ్చింది. అదంతా మదామ్ చలవే. సాయంత్రం సూప్ తాగుతూ నేను మాట్లాడే ప్రతి వాక్యాన్నీ సరిచేస్తుంది. నాకు ఇక్కడ అన్నిటికంటే ఆశ్చర్యంగా ఉన్నది ముసలివాళ్లను చూసుకునే పద్ధతి. పొద్దున ఒక నర్సు వస్తుంది. మంచాన్ని మీట నొక్కి పైకీ కిందకీ చేయవచ్చు. ఒకే పక్క ఎక్కువసేపు పడుకోబెట్టకూడదట, రెండు గంటలకోసారి తిప్పాలట, లేకుంటే వీపు పుండ్లు పడుతుందట. నువ్వు అవ్వను తిప్పుతున్నావా? దుప్పట్లు రోజూ మార్చాలి వదినా, చాలా ముఖ్యం. ఇంకొకటి, ఏం కావాలో ఆమెనే అడగాలట, మనమే నిర్ణయించకూడదట. మన ఇళ్లలో ఇదంతా ఎవరూ ఆలోచించరు కదా. అవ్వతో రోజూ కాసేపు కూర్చుని కబుర్లు చెబుతూ ఉండు.

ఒక సంతోషం. మా టీచరు "మీ దేశంలో ముసలివాళ్లను ఎవరు చూసుకుంటారు" అని వ్యాసం రాయమంది. నేను అవ్వ గురించి, నీ గురించి రాశాను. ఇంటి కోడలు చిరునవ్వుతో అన్నీ చేస్తుందని రాశాను. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. టీచరు అందరి ముందూ చదివి వినిపించింది. ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. నిన్ను చూడాలని ఉందట.

హేమ

*

బెళుగుప్ప
30 మార్చి 2003

హేమా,

నా మీద వ్యాసం రాసి నువ్వు మార్కులు తెచ్చుకున్నందుకు సంతోషం. నాకు కూడా రెండు మార్కులు పంపించు, మే నెలలో పనికొస్తాయి.

చిరునవ్వుతో అని ఎవరు చెప్పారు నీకు? నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు చూసే ఉంటావే, నా మొహం. ట్యాంకరు నిన్న రాలేదు. మొన్నటి రెండు కడవల్లో ఒకటి వంటకు, ఒకటి అవ్వకు. దుప్పటి రోజూ మార్చమన్నావు, మార్చిన దుప్పటి దేంట్లో ఉతకాలి? మీ నదిలోనా? అవ్వ ఒంటికి పోయినప్పుడు ముందు పాత చీరపేలికతో తుడిచి, తర్వాత చెంబెడు నీళ్లతో కడిగి, ఆ పేలికను ఎండలో ఆరవేసి దులిపి మళ్లీ వాడుతున్నా. రెండు గంటలకోసారి తిప్పడం నర్సు చెప్పకముందు నుంచే చేస్తున్నాను. అవ్వ వీపు మీద ఒక్క పుండు లేదు, వచ్చి చూసుకో. ఏం కావాలో అడగమన్నావు. అడిగితే "హేమ కావల్ల" అంటుంది. ఎక్కణ్ణుంచి తెచ్చేది?

దూరపు కొండలు నునుపంటారు. అక్కడున్నవాళ్లకు మేము నునుపు, నీకు వాళ్లు నునుపు. మధ్యలో నేను గరుగ్గానే ఉన్నాను.

కోపం వచ్చి రాసేశాను. చింపేద్దామనుకుని, మళ్లీ కాగితం దండగని చింపలేదు. మనసులో పెట్టుకోవద్దు. హాల్ టికెట్ వచ్చింది, పరీక్ష మే 11న అనంతపురంలో. ఆ ఒక్కరోజుకు నల్లమాడ నుంచి మా అమ్మను రమ్మన్నాను, అవ్వ దగ్గర కూర్చోవడానికి. వియ్యపురాలు కాబట్టి బయటిమనిషి కాదని మామ ఒప్పుకున్నాడు. ఎంతసేపు ఆలోచించి ఒప్పుకున్నాడో!

మార్కులొచ్చిన సంగతి బండ మీద గట్టిగానే చదివాను. దేనికొచ్చాయో చదవలేదు.

సుష్మ

*

తూర్
28 ఏప్రిల్ 2003

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీళ్ల సంగతి నాకు తట్టకపోవడం సిగ్గుచేటు. ఆ వ్యాసం కూడా తీసి చూసుకుంటే నాకే వెగటు పుట్టింది. క్షమించు.

నీ పరీక్ష బాగా రాయి. నాకూ జూన్ మొదట్లో పరీక్షలున్నాయి.

ఒక మాట చెప్పాలి, ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. మా ప్రొఫెసరు నన్ను పిలిచి, ఇంకొక ఏడాది ఇక్కడే చదవడానికి దరఖాస్తు పెట్టమన్నాడు. సీటుకు ఏమీ కట్టనక్కర్లేదు. మదామ్ కూతురు కూడా, సెప్టెంబరు దాకా అమ్మ దగ్గరే ఉండు, ఆ తర్వాత ఏడాదికీ గది నీదే అంటోంది. వాళ్లు ఆగస్టులో సముద్రం ఒడ్డుకు పోతారట. ఇంకా ఏమీ ఒప్పుకోలేదు వదినా, ఊరికే ఆలోచిస్తున్నాను. ఇట్లాంటి అవకాశం నా బతుకులో మళ్లీ రాదు. హైదరాబాదులో మా క్లాసులో ఎవరికీ రాలేదు.

నీ ట్రైనింగ్ సంగతి మరచిపోయాననుకోకు. ఏదైనా దారి ఉంటుంది. అన్నతో మాట్లాడితే? ఒక ఏడాది అటూ ఇటూ అయితే పెద్ద తేడా ఉండదేమో కదా? నాయనను నువ్వే మెల్లగా అడుగు. నీ మాట తీరు ఆయనకు నచ్చుతుంది. ఆయన వద్దంటే జూన్ 28న విమానమెక్కేస్తాను, ఒట్టు.

హేమ

*

బెళుగుప్ప
24 మే 2003

హేమా,

మామ చెబుతున్నది చెబుతున్నట్లు కింద రాస్తున్నాను. పరీక్ష బాగా రాశాను. సుష్మ.

తల్లీ హేమా, మీ నాయన మాట్లాడతాండా. నీ వదిన ఉత్తరం చదివి చెప్పినాది. ఇంగో ఏడు ఆడే ఉంటానంటావంట. ఒద్దు తల్లీ. ఆర్నెల్లని పోయినావు, ఆర్నెల్లకు రావల్ల. మీ అవ్వ నీ పేరే తల్సుకుంటాండాది, ఎన్ని దినాలుంటాదో చెప్పలేం. సదువు యాడికీ పోదు. సుష్మకు మాటిచ్చినావంట గదా, ఆడపిల్లయినా మగపిల్లోడయినా మన కొంపలో మాట తప్పకూడదు. టికెట్టు మార్చుకోవద్దు. జూన్‌లో వచ్చెయ్.

మీ నాయన
బయ్యన్న

*

తూర్
14 జూన్ 2003

సుష్మ వదినకు,

పరీక్షలు అయిపోయాక బెళుగుప్పలో బదరీనారాయణ శెట్టి ఫోన్ అంగడికి ఫోన్ చేశాను. నాయనను పిలిపించారు. ఏడుస్తూ, "వచ్చేస్తున్నా నాయనా, నువ్వు వద్దన్నావు కదా" అన్నాను. నాయన ఏమన్నాడో తెలుసా? "నేనొద్దన్నానా? ఎవురన్నారు? ఉండు తల్లీ సదువుకో అనే గదా రాయించినా! ఊరందరికీ బెల్లం పంచినా!" అన్నాడు.

నేనే ఉత్తరం తప్పుగా చదువుకున్నాను నాయనా అని సర్దేశాను. నిన్ను బయటపెట్టలేదు. ఆ మాత్రం నీకు చేశాను.

ఆ ఉత్తరం ఇప్పుడు నా ముందే ఉంది. నాయన గొంతు ఎంత బాగా పట్టావు వదినా! "మన కొంపలో మాట తప్పకూడదు" అని ఆయన నోటితో నువ్వే నాకు నీతి చెప్పావు. అవ్వ చావును కూడా వాడుకున్నావు. ఎన్ని దినాలుంటుందో చెప్పలేమట! ఆ వాక్యం చదివి నేను రెండు రోజులు అన్నం తినలేదు, ఆ రెండు రోజుల్లోనే ఒక పరీక్ష రాశాను. నువ్వు ఇట్లా చేస్తావని కలలో కూడా అనుకోలేదు. నేరుగా "నువ్వు రాకపోతే నా బతుకు పోతుంది" అని అడిగి ఉంటే, ఏమో, వచ్చేదాన్నేమో. ఇది మోసం.

టికెట్టు రద్దు చేసేశాను. ఉంటున్నాను. నీ పరీక్ష వచ్చే ఏడు కూడా పెడతారు కదా, మళ్లీ రాయవచ్చు. నా సీటు మళ్లీ రాదు.

హేమ

*

బెళుగుప్ప
6 జూలై 2003

హేమా,

నిజమే, అబద్ధం రాశాను. "ఉండు తల్లీ, సదువుకో" అని మామ చెబుతుంటే, నా చెయ్యి "వచ్చెయ్" అని రాసింది. ఆయన ఎదురుగా కూర్చుని వక్కాకు నములుతూ చెబుతున్నాడు. నేను తల వంచుకుని రాశాను. సంతకం కూడా నేనే పెట్టాను. ఆయన ఎట్లాగూ చదువుకోలేడు. పట్టుబడతానని ఆ పొద్దే తెలుసు, అయినా రాశాను.

మోసమన్నావు. జనవరి నుంచి ఆ బండ మీద నిలబడి నేను చదివినవన్నీ ఏమిటి? నీ హాస్టలు, నీ వేడి పెట్టె, నీ అరవామె? అవి చదివినప్పుడు నవ్వాపుకోలేక క్లాసు నుంచి బయటికొచ్చావు. నీ కోసం ఆర్నెల్లు ఆడిన అబద్ధాలు తమాషా, నా కోసం ఆడిన ఒక్క అబద్ధం మోసం. మీ ఫ్రెంచిలో దీనికి వ్యాసం రాయి, మార్కులొస్తాయి.

నేరుగా అడగలేదన్నావు. నోరు తెరిచి అడగాల్సిన సంగతా ఇది? డిసెంబరులో నువ్వే నా చేతిలో చెయ్యి వేసి చెప్పావు.

నా ర్యాంకు 212. ఈ ర్యాంకుకు జిల్లాలో ఖాయంగా సీటు ఇస్తారట. కౌన్సెలింగ్ జూలై 14న. మామను అడిగాను. పక్క వీధి కదిరమ్మ మంచిమనిషి, మొగుడు పోయి ఒంటరిగా ఉంది, ఆమెను అవ్వ దగ్గర పెడదామన్నాను. "బయటోళ్లు మా యమ్మను ముట్టుకునేది లేదు. పరువుగల కొంప ఇది" అన్నాడు. మరి మీ అబ్బాయి చూసుకుంటాడా అంటే, మొగోడు ఆ పనులు చేస్తాడా అన్నాడు. మీ అన్ననడిగితే "ఇప్పుడేం తొందర, రొంత కాలం కానీ" అని జీపెక్కాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు, అట్లా ఉంది నా గతి. మా అమ్మ ఒక్కరోజుకు వస్తుంది గానీ రెండేళ్లకు వస్తుందా? వచ్చే ఏడు రాయమన్నావు. పిల్లల్లేని ఖాళీలో కాబట్టి ఈ ఏడు మామ ఆ మాత్రం తలూపాడు. వచ్చే ఏటికి నా ఒళ్లు, నా ఇల్లు ఎట్లా ఉంటాయో నాకు తెలుసా?

మామ పరువుగల కొంప అన్నప్పుడు నా నాలుక చివరిదాకా వచ్చింది. "నీ కూతురు ఆడ ఎవరికి గుడ్డలు మారుస్తాందో తెలుసునా?" అని ఒక్క మాట అంటే చాలు. నువ్వు ఈపాటికి ఇంట్లో ఉండేదానివి, నేను అనంతపురం బస్సులో ఉండేదాన్ని. అనలేదు. మంచిదాన్నయి కాదు. నీ చదువు చెడగొట్టి నేను చదువుకుంటే అది నాకు అచ్చిరాదని భయమేసింది.

ఇది నీకు చేరేసరికి పద్నాలుగో తేదీ దాటిపోయి ఉంటుంది. నువ్వు చేయగలిగింది ఏమీ లేదు, హాయిగా ఉండు. ఇంక నా సొంత మాటలు నీకు రాయను. మామ చెప్పింది రాస్తాను, నువ్వు రాసింది చదువుతాను. ఒక్క అక్షరం కలపను, ఒక్కటి తీయను.

సుష్మ

*

తూర్
20 ఆగస్టు 2003

వదినా,

నెల రోజులుగా ఏదో ఒకటి రాస్తూ చింపేస్తున్నాను. నువ్వు రాసినవన్నీ నిజాలే. నేను మాట తప్పాను, నీ సీటు పోగొట్టాను. నీ ఉత్తరం అందిన రోజంతా నదివైపు పోకుండా గదిలోనే కూర్చున్నాను. దాని వల్ల నీకేం లాభం, ఏమీ లేదు.

అవ్వకు ఎట్లా ఉంది? రెండుసార్లు ఫోన్ చేస్తే శెట్టి "అందురూ బాగుండారమ్మా" అని పెట్టేశాడు. నాయనను పిలవనేలేదు.

ఇది మాత్రం ఏదీ గుటకేయకుండా బండ మీద అంతా చదువు. నాయన ఏమన్నా పడతాను. నేను హాస్టల్లో లేను నాయనా. జనవరి నుంచి మదామ్ బ్రూనే అనే ముసలామె ఇంట్లో ఉంటూ, ఆమెకు బట్టలు మార్చి, ఒంటికీ రెంటికీ తీసుకుపోయి, పడుకోబెట్టే పని చేస్తున్నాను. నువ్వు కోప్పడతావని దాచాను. వదినతో కూడా అబద్ధం చెప్పించాను, తప్పు నాది.

ఈ నెల మొదట్లో ఇక్కడ ఎండలు కాశాయి. మనకైతే మామూలు ఏప్రిల్ ఎండే. కానీ వీళ్ల ఇళ్లలో ఒక్క ఫ్యాను ఉండదు, ఎండను ఎట్లా ఓర్చుకోవాలో వీళ్లకు తెలియదు. నర్సు సెలవులో ఉంది, కూతురు సముద్రం దగ్గర ఉంది. మదామ్ మూడో రోజుకు కళ్లు తేలేసింది. నేను దుప్పట్లు తడిపి కిటికీలకు కట్టాను, నేల మీద నీళ్లు చల్లాను, ఆమెను కిందికి దించి చల్లటి గచ్చు మీద పడుకోబెట్టాను. పెరుగు చిలికి, ఉప్పు వేసి పల్చటి మజ్జిగ గంటకోసారి చెంచాతో తాపాను. చిన్నప్పుడు వడదెబ్బ తగిలితే అవ్వ నాకు చేసినవే. పది రోజులు పక్కనే ఉన్నాను. మా వీధిలోనే ఇద్దరు ముసలివాళ్లు పోయారు, మదామ్ బతికింది. డాక్టరు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. కూతురు వచ్చి నా మెడ మీద పడి ఏడ్చింది.

ఆ పది రోజులూ నేను అవ్వనే తలచుకున్నాను. నువ్వు నాలుగేళ్లుగా చేస్తున్నదేమిటో పది రోజుల్లో నాకు అర్థమైంది వదినా. ఒక్క ముక్క రాయి.

హేమ

*

బెళుగుప్ప
8 సెప్టెంబరు 2003

తల్లీ హేమా, నాయన చెప్తాంటే నీ వదిన రాస్తాండేది ఇది.

ముందు యాడన్నా కుచ్చో, నిలబడి చదవద్దు. మీ అవ్వ పోయినాది తల్లీ. ఆగస్టు మూడో తేదీ, ఆదివారం పొద్దున. శెట్టికి నేనే చెప్పినా, హేమ ఫోను చేస్తే చెప్పొద్దప్పా, సదువు పాడైతాది, యాడ ఏడ్చుకుంటా ఎగిరొస్తాదో అని. కోపం చేసుకోవద్దు. అన్నీ బాగా జరిపించినాం. మూడు మండలాల జనం వచ్చినారు. మీ అన్న జీపులు పెట్టినాడు.

కడాకు మీ అవ్వ రెండు దినాలు హేమా హేమా అని నిన్నే అడిగినాది. నోట్లో గంజి పోస్తే ఉమ్మేసేది. అప్పుడు నీ వదిన ఒంగి చెవిలో "నేనే అవ్వా, హేమను, వచ్చేసినా" అన్నాది. మీ అవ్వ నమ్మినాది. గంజి తాగినాది. సుష్మ చెయ్యి పట్టుకోని, హేమా అంటానే పోయినాది. కాబట్టి నువ్వు దగ్గర లేవని బాధ పడొద్దు. ఆమె మటుకు నువ్వు ఉండావు.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చినాది. బండ మీద అందురూ ఉండారు. సుష్మ ఒగ మాట గూడా ఇడవకుండా కడదాకా చదివినాది. ఆ దొరసానికి గుడ్డలు మార్చి, మజ్జిగ తాపి, పానం నిలబెట్టినావంట. నేను అరుస్తానని దాచినావంట. ఎందుకు అరుస్తా తల్లీ? నా కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. మా యమ్మకు చేసినట్లే చేసినావు, ఆ పుణ్యం మా యమ్మకే చేరుతాది. శ్రీరంగప్ప లేచి "బయ్యన్నా, నీ కూతురు మనిషి కాదప్పా, దేవత" అన్నాడు. మీ అన్న పేపరోళ్లకు చెప్తానంటాండాడు, నీ ఫోటో ఒగటి పంపించు.

చదివి అయిపోయినంక నీ వదిన నా మొగం చూస్తా అట్లే నిలబడినాది. ఏమ్మా అంటే ఏం లేదు మామా అన్నాది. మీ అవ్వకు ఆ పిల్ల గూడా చేసినాది, చెయ్యలేదనను. ఇంటి కోడలు, చేస్తాది.

అవ్వ పోయినాది గదా మామా, వచ్చే ఏడు మళ్లీ ఆ పరీచ్చ రాస్తానని మొన్న అడిగినాది. ఇంట్లో ఒగ ఆడమనిషి లేకుంటే ఎట్లమ్మా, నాకూ వాడికీ సంగటి కెలికేదెవరు అన్నా. లోపలికి పోయినాది. ఇది గూడా రాయల్లనా మామా అని అడుగుతాండాది ఇప్పుడు. రాయమ్మా, దాచేదేముంది అన్నా.

నువ్వు ఇంటి గురించి దిగులు పెట్టుకోవద్దు. రెండేండ్లు గానీ మూడేండ్లు గానీ, నీకు ఎంత కావల్లో అంత సదువుకో తల్లీ. ఈడ నీ వదిన ఉండాది కదా.

మీ నాయన
బయ్యన్న